సరిహద్దు దాటే రోగి, దాటలేని కాగితం

చిక్కబళ్ళాపురం జిల్లా సరిహద్దు పల్లెలలో దాదాపు ప్రతి ఇంటా ఒక ఇనుప పెట్టె ఉంటుంది. పహణీ నకళ్ళు, సొసైటీ అప్పు రసీదులు, రేషను కార్డు, పిల్లల మార్కుల పట్టికలు అందులో పదిలంగా ఉంటాయి. తాతలనాటి క్రయపత్రానికి సైతం చెదలు సోకకుండా కాపాడుకొనే కుటుంబం, అదే ఇంటిలో పదేళ్ళుగా ఆయాసపడుతున్న పెద్దాయన ఎక్స్‌రే ఫిల్మును మాత్రం దూలానికీ పైకప్పుకూ నడుమ దోపి ఉంచుతుంది. వాన కురిసిన రాత్రి అది తడుస్తుంది. ఒకదానికొకటి అతుక్కొన్న రెండు ఫిల్ములను మరునాడు విడదీసేసరికి రెండింటి మీదా ఏమీ మిగలదు. భూమికి కాగితం అవసరమని కోర్టులూ కచేరీలూ తరతరాలుగా నేర్పాయి. ఊపిరితిత్తులకూ కాగితం అవసరమని నేర్పే కచేరీ ఏదీ ఈ ప్రాంతంలో లేకపోయింది.

ఈ లోటు అన్ని జిల్లాలలోనూ ఉన్నదే. అయితే బాగేపల్లి, చింతామణి తాలూకాలలో దానికి రాష్ట్ర సరిహద్దు కూడా తోడయింది. బాగేపల్లి నుండి హైదరాబాదు రహదారిపై కొంత దూరం సాగి కొడికొండ చెక్‌పోస్టు దాటితే ఆంధ్రప్రదేశ్. అక్కడి జబ్బు మనిషి ఒకనాడు తాలూకా ఆసుపత్రికి పోతాడు, మరొకనాడు హిందూపురానికి పోతాడు, ఇంకొకనాడు ఎవరో చెప్పగా పుట్టపర్తికి పోతాడు. చింతామణి వైపు వారికి ఒక దిక్కున మదనపల్లె, మరొక దిక్కున కోలారు. రోగం ముదిరితే అందరికీ బెంగళూరే. ఆయాసం వచ్చిన మనిషి రాష్ట్రం చూసి ఆసుపత్రికి పోడు. ఏ బస్సు ముందు వస్తే ఆ వైపు పోతాడు. కూతురిని అటువైపు ఇచ్చి ఉంటే చలికాలం నెల రోజులు ఆమె ఇంటనే ఉండి, అక్కడి వైద్యుని మందు వాడుకొంటాడు. ఆ విధంగా ఒకే మనిషి ఊపిరితిత్తుల చరిత్ర నాలుగైదు ఊళ్ళలో, మూడు భాషలలో ముక్కలుగా పడి ఉంటుంది. ఆ ముక్కలన్నింటినీ ఒకచోట చేర్చగల వ్యక్తి రోగి ఒక్కడే. ఆయన చేతిలో ఉన్నది బట్టల దుకాణం వారిచ్చిన ఒక సంచి.

ఆ సంచిని వైద్యుడు బల్లమీద కుమ్మరించినపుడు జరిగే సంభాషణ ఈ ప్రాంతంలో అందరికీ పరిచితమైనదే. "మునుపు టీబీకి మందులు వాడినావా?" అని ప్రశ్న. "ఏందో బిళ్ళలు ఇచ్చినారు సార్, నెలల తరబడి మింగినా" అని జవాబు. "ఎన్నడు?" అంటే "మా చిన్నోడి పెండ్లయిన ఏడు" అంటాడు. బిళ్ళల పేరు తెలియదు, నెలల లెక్క తెలియదు, మధ్యలో మానివేశాడో లేదో భార్యకు ఒక విధంగా, ఆయనకు ఒక విధంగా జ్ఞాపకం. బయట ఇంకా నలభై మంది నిలబడి ఉంటారు. వైద్యుడు కొత్త ఎక్స్‌రే వ్రాస్తాడు. అందులో ఒక మచ్చ కనబడుతుంది. అది ఇప్పటి జబ్బా, ఏనాడో మానిన క్షయ విడిచిపోయిన గుర్తా అన్నది పాత ఫిల్ముతో పోల్చి చూస్తే చాలా వరకు తేలే విషయం. పోల్చడానికి పాత ఫిల్ము లేదు. కఫ పరీక్షలో ఏమీ తేలకపోయినా, అనుమానం మీద మరల క్షయ మందులు మొదలయ్యే అవకాశం ఉంటుంది. నెలల తరబడి సాగే ఆ మందులు కాలేయానికి తేలికైనవి కావు. అసలు జబ్బు అయిన ఆయాసానికి ఆ కాలమంతా సరైన మందు అందకపోతే ఆ నష్టం అదనం.

లెక్కకెక్కిన రోగం, ఎక్కని రోగం

దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధులు అంటే సి.ఓ.పి.డి., ఉబ్బసం, క్షయ మానిన తరువాత మిగిలే ఊపిరితిత్తుల దెబ్బ, రాతి దుమ్ము వలన వచ్చే సిలికోసిస్ మొదలైనవి. పల్లెలో వీటన్నింటికీ ఒకే పేరు: దమ్ము. కొందరు ఆయాసం అంటారు, కొందరు ఎగరొప్పు అంటారు. పేరు ఒకటైనంత మాత్రాన మందు ఒకటి కాదు. దేశవ్యాప్త అధ్యయనం ఒకటి 2018లో వెలువరించిన అంచనా ప్రకారం భారతదేశంలో సి.ఓ.పి.డి. రోగుల సంఖ్య 1990లో 2.81 కోట్లు ఉండగా 2016 నాటికి 5.53 కోట్లకు చేరింది. ప్రపంచ జనాభాలో 18 శాతం ఉన్న దేశం, దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధుల భారంలో 32 శాతం మోస్తున్నదని అదే అధ్యయనం తేల్చింది.

ఇంత పెద్ద భారానికి ప్రభుత్వ పుస్తకాలలో ఉన్న చోటు స్వల్పం. క్షయ సంగతి వేరు. ఆ రోగానికి లెక్క వ్రాసే సంప్రదాయం పాతది. అందులో ఈ సరిహద్దు ప్రాంతానికీ సంబంధం ఉన్నది. మదనపల్లె సమీపాన ఆరోగ్యవరంలో 1915లో క్షయ చికిత్సాలయం ఏర్పడింది. ఆ కాలంలో రోగి నెలల తరబడి అక్కడే ఉండేవాడు గనుక ఆయన కాగితాలూ అక్కడే ఉండేవి. 1950ల చివర మద్రాసులో జరిగిన పరిశోధన, ఇంటివద్ద ఉండి మందు తీసుకొన్నా అంతే ఫలితం ఉంటుందని నిరూపించింది. 1959లో బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. 1962 నుండి జాతీయ కార్యక్రమం అమలయింది. రోగి ఇంటికి వచ్చాడు, ఆయనతోపాటు చికిత్సా కార్డు కూడా వచ్చింది. కేంద్రంలో ఒకటి, రోగి చేతిలో ఒకటి. చికిత్సను ఇంటికి పంపినపుడు లెక్కను కూడా ఇంటికి పంపాలని ఆనాటి వారికి తెలుసు.

2012 నుండి ఆ లెక్క నిక్షయ్ అనే కంప్యూటరు వ్యవస్థలోకి మారింది. అది దేశమంతటికీ ఒక్కటే. చింతామణిలో నమోదైన క్షయ రోగి మదనపల్లెకు కూలికి పోతే ఆయన నిక్షయ్ సంఖ్యతో అక్కడి కేంద్రానికి బదిలీ చేయవచ్చు. చికిత్సా కాలంలో పోషణ కోసం 2018 ఏప్రిల్ నుండి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో జమ కావడానికీ ఆ సంఖ్యే ఆధారం. సరిహద్దును దాటగలిగిన కాగితం ఏదైనా ఉన్నదంటే అదే.

క్షయ నయమయినదని చెప్పి పేరు ముగించిన మరునాటి నుండి అదే మనిషి ఏ పుస్తకంలోనూ లేడు. మచ్చలుపడిన ఊపిరితిత్తులతో ఆయన ఇంకా ఇరవై ఏళ్ళు బ్రతకవచ్చు. ఆ ఇరవై ఏళ్ళ ఆయాసానికి సంఖ్య లేదు, కార్డు లేదు, ఇంటికి వచ్చి అడిగేవారు లేరు. సాంక్రామికం కాని వ్యాధుల జాతీయ కార్యక్రమంలోకి సి.ఓ.పి.డి.ని, ఉబ్బసాన్ని 2023 నాటి మార్గదర్శకాలు చేర్చాయి. ఇది ఆహ్వానించదగినదే. కాని బి.పి., చక్కెర పరీక్షించినంత సులువుగా ఊపిరిని పరీక్షించే పరికరం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరనంతవరకు ఆ చేర్పు కాగితం మీదనే ఉంటుంది.

స్త్రీల విషయం మరింత శోచనీయం. బీడీ ముట్టని ఇల్లాలికి సి.ఓ.పి.డి. ఏమిటని ఆశ్చర్యపడేవారు ఇంకా ఉన్నారు. ముప్పై నలభై ఏళ్ళు కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఆమె పీల్చిన పొగ తక్కువది కాదు. 2016లో ఉజ్వల పథకం వచ్చి గ్యాసు పొయ్యి ఇచ్చినా, అంతకు ముందు పీల్చిన పొగ ఊపిరితిత్తులలో చేసిన పని చేసే ఉన్నది. సిలిండరు ఖర్చుకు వెరచి నీళ్ళు కాచడానికి కట్టెలే వాడే ఇళ్ళు నేటికీ అనేకం. శిడ్లఘట్ట వైపు పట్టు రీలింగులో పనిచేసే స్త్రీలకు గూళ్ళ నుండి వెలువడే ప్రోటీను వలన ఉబ్బసం రావచ్చునన్నది వైద్యలోకానికి తెలిసిన విషయమే. వీరిలో ఎందరి చీటీ మీద "వృత్తి" అన్నచోట "గృహిణి" అని తప్ప మరేమైనా వ్రాసి ఉంటుంది? ఏమి పని చేసింది, ఎన్నేళ్ళు ఏ పొయ్యి ముందు కూర్చున్నది అన్న రెండు వాక్యాలు వైద్యునికి సగం రోగనిర్ధారణ చేసి పెడతాయి.

మూడేళ్ళ గడువు

ఆసుపత్రిలో తమ వివరాలన్నీ ఉండే ఉంటాయి గదా అని కుటుంబాలు భావించడం సహజం. భారత వైద్య మండలి 2002లో జారీచేసిన వృత్తి నియమాల ప్రకారం, ఆసుపత్రిలో చేరి చికిత్స పొందిన రోగుల రికార్డులను వైద్యుడు చికిత్స మొదలైన నాటి నుండి మూడేళ్ళపాటు భద్రపరచాలి. రోగిగాని, ఆయన తరఫున అధికారం పొందినవారుగాని కోరితే 72 గంటలలోగా ఇవ్వాలి. ఈ రెండవ భాగం రోగికి గొప్ప హక్కు. తాలూకా ప్రాంతాలలో దానిని వాడుకొనేవారు అరుదు. నోటిమాటగా అడిగితే "రేపు రా" అన్న జవాబు వస్తుంది. అదే కోరికను తేదీ వేసి, చేరిన రోజు, వెళ్ళిన రోజు, ఐ.పి. సంఖ్యతో ఒక తెల్లకాగితం మీద వ్రాసి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకొంటే 72 గంటల లెక్క అక్కడినుండి మొదలవుతుంది.

మొదటి భాగంలో ఉన్న చిక్కు ఎవరి దృష్టికీ రాలేదు. సి.ఓ.పి.డి. ఇరవై ఏళ్ళ జబ్బు. సిలికోసిస్ దుమ్ము పీల్చిన పదేళ్ళకో పదిహేనేళ్ళకో బయటపడవచ్చు. వీటి రికార్డుకు నియమం విధించిన ఆయుష్షు మూడేళ్ళు. ఓ.పి. చీటీకి ఆమాత్రమూ లేదు. అనగా పదేళ్ళ నాటి ఫిల్ము, ఎనిమిదేళ్ళ నాటి ఊదే పరీక్ష రోగి ఇంటిలో లేకపోతే లోకంలో మరెక్కడా లేకపోవచ్చు.

ఊదే పరీక్ష, అనగా స్పైరోమెట్రీ, గురించి రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. గట్టిగా ఊపిరి పీల్చి గొట్టంలోకి ఊదినపుడు మొదటి సెకనులో ఎంత గాలి వెలువడినదో అది కొలుస్తుంది. వయస్సు పెరిగేకొద్దీ ఆరోగ్యవంతునికి సైతం ఏటా సుమారు 30 మిల్లీలీటర్లు తగ్గుతుంది. ఒక రోగికి ఈ ఏడు 1,200 వచ్చినదంటే దానికి అర్థమేమి? ఐదేళ్ళ క్రితం 1,300 ఉండి ఉంటే జబ్బు నిలకడగా ఉన్నట్లు. 1,900 ఉండి ఉంటే వేగంగా జారుతున్నట్లు. ఒక్క పరీక్ష రోగం ఎంత ఉన్నదో చెబుతుంది గాని ఏ దిక్కుకు పోతున్నదో చెప్పలేదు. దిక్కు తెలియాలంటే రెండు కాగితాలు కావాలి, రెండింటి మీదా తేదీలు కావాలి. అనేకచోట్ల ఆ ఫలితాన్ని, ఇ.సి.జి.ని వేడికి నల్లబడే నునుపు కాగితం మీద ముద్రిస్తారు. కొన్ని నెలలకే అక్షరాలు మాసిపోతాయి. భద్రంగా ఉంటుందని లామినేషను చేయిస్తే ఆ వేడికి కాగితమంతా నల్లబడి ఉన్నదీ పోతుంది. దానికి నకలు తీయించడం ఒక్కటే మార్గం.

ఫోనులో ఫొటో ఉన్నదన్న ధీమా కూడా ఇటీవల పెరిగింది. చాలా కేంద్రాలు ఫిల్ముకు బదులు వాట్సాప్‌లో చిత్రం పంపుతున్నాయి. ఆ ఫోను పగిలిన నాడు, మనుమడు దానిని మార్చుకొన్న నాడు చరిత్ర అంతా పోతుంది. ఒకే చిత్రాన్ని ఇద్దరి ఫోన్లలో, వీలైతే సరిహద్దుకు ఇటు ఒకరి వద్ద, అటు ఒకరి వద్ద ఉంచుకొన్న కుటుంబాలు తెలివైనవి.

రెండు చీటీలు, ఒక శరీరం

పాత చరిత్ర సంగతి అటుంచి, ఈ వారం వాడుతున్న మందుల సంగతి మరింత అత్యవసరం. డెరిఫిలిన్ అన్న బిళ్ళ ఈ ప్రాంతంలో ఆయాసానికి ఇంటింటా తెలిసిన మందు. అందులో ఉండే థియోఫిలిన్ వర్గపు మందుకు మేలుచేసే మోతాదుకూ కీడుచేసే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. కర్ణాటక వైపు వైద్యుడు వ్రాసిన ఆ బిళ్ళను వాడుతున్న రోగికి జ్వరం వచ్చి ఆంధ్ర వైపు మరొక వైద్యుని వద్దకు పోతే, ఆయన సిప్రోఫ్లాక్సాసిన్ వ్రాశాడనుకొందాం. రెండూ విడివిడిగా సరైన మందులే. కలిసినపుడు రెండవది మొదటిదానిని శరీరం నుండి బయటకు పోనీయదు. రక్తంలో థియోఫిలిన్ పెరిగి వాంతులు, గుండెదడ, ఒక్కొక్కపుడు మూర్ఛ కూడా రావచ్చు. ఇంటిల్లిపాదీ జ్వరం ముదిరిందనుకొంటారు. ఇద్దరు వైద్యులలో ఎవరినీ తప్పుపట్టలేము, ఒకరి చీటీ మరొకరి కంటబడలేదు అంతే.

కంటిలో నీటికాసులకు వేసే టిమొలాల్ చుక్కలు, గుండెదడకు ఇచ్చే ప్రొప్రనొలాల్ బిళ్ళ ఉబ్బస రోగికి ప్రాణాంతకం కావచ్చు. కంటి వైద్యునికి చూపవలసినది కంటి చీటీ మాత్రమేనని రోగి అనుకొంటాడు. ఇక ఆయాసం ఎక్కువైన ప్రతిసారీ ఊరి ఆర్.ఎం.పి. చేత వేయించుకొనే "దమ్ము సూది" సంగతి. అందులో తరచుగా స్టిరాయిడు ఉంటుంది. అవసరమైనపుడు అది ప్రాణం నిలిపే మందే. ఏడాదిలో ఎన్ని సూదులు, ఎన్ని రోజుల బిళ్ళలు శరీరంలోకి పోయినవో కూడి చూసేవారు లేనందున చక్కెర పెరగడం, ఎముకలు పెళుసు కావడం, కంటిలో శుక్లం రావడం వేర్వేరు జబ్బులుగా కనబడతాయి. ఆ లెక్క వైద్యునికి మరొకందుకు కూడా కావాలి. ఏడాదిలో ఆయాసం ఎన్నిమార్లు ముదిరినది, ఎన్నిమార్లు ఆసుపత్రిలో చేరవలసి వచ్చినది అన్నదానిని బట్టే రోజూ పీల్చే మందును మార్చాలా, పెంచాలా అని నిర్ణయిస్తారు. "ఎప్పుడూ ఇట్లే ఉంటుంది సార్" అన్న జవాబుతో ఏ వైద్యుడూ ఏమీ నిర్ణయించలేడు.

క్వారీ దుమ్ము, సాక్ష్యం

చిక్కబళ్ళాపురం జిల్లాలో క్వారీలు, క్రషర్లు వేలమందికి కూలి పెడుతున్నాయి. 2021 ఫిబ్రవరిలో హిరేనాగవల్లి వద్ద జిలెటిన్ కడ్డీలు పేలి ఆరుగురు మరణించినపుడు దేశమంతా ఈ జిల్లా పేరు విన్నది. పేలుడులో పోయిన ప్రాణం వార్త అవుతుంది. దుమ్ములో పోయే ప్రాణం పదిహేనేళ్ళు తీసుకొంటుంది గనుక వార్త కాదు.

ఈ ప్రాంతం 2007 వరకు కోలారు జిల్లాలో భాగమే. ఆ కోలారు బంగారు గనులలోనే 1934లో భారతదేశపు తొలి సిలికోసిస్ నివేదిక వెలువడినది. 1940లో మైసూరు సంస్థానం ఆ వ్యాధికి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. అదే దశకంలో వేలాది కార్మికులకు ఎక్స్‌రేలు తీసి పరిశీలించగా నూటికి నలభై మందికి పైగా ఆ జబ్బుతో కనబడ్డారు. గనులు 2001 ఫిబ్రవరిలో మూతపడ్డాయి. గని కార్మికునికి కనీసం ఒక కంపెనీ, ఒక హాజరు పట్టిక ఉండేవి. నేటి క్రషరు కూలీకి అవి లేవు. ఈ ఏడు ఒక మేస్త్రీ క్రింద, వచ్చే ఏడు మరొకరి క్రింద, కొన్నాళ్ళు అటువైపు పలకరాయి పనికి. కూలి చేతికి వస్తుంది, కాగితం రాదు.

సిలికోసిస్‌ను వృత్తి వ్యాధిగా 1923 నాటి పరిహార చట్టం చాలాకాలం క్రితమే గుర్తించింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక సంహితలు ఆ చట్టం స్థానాన్ని ఆక్రమించినా వ్యాధి పట్టికలో దాని పేరు అలాగే ఉన్నది. నిర్దేశించిన వర్గాల కార్మికులకు యజమాని ఖర్చుతో ఏటా ఆరోగ్య పరీక్ష జరగాలని కొత్త సంహిత చెబుతున్నది. అంతకు ముందు గనుల నియమాల ప్రకారం పనిలో చేరేముందు ఒకమారు, తరువాత ఐదేళ్ళకొకమారు పరీక్ష జరగవలసి ఉండినది. ఆ పరీక్ష నకలు చేతిలో ఉన్న కూలీలు ఎందరన్నది ప్రతి ఊరివారూ తమ వీధిలో అడిగి తెలుసుకోవచ్చు. పరిహారం కోరిన నాడు అధికారి అడిగేది రెండే: జబ్బు అదేనా, అది ఈ పనిలోనే వచ్చినదా. మొదటిదానికి ఎక్స్‌రే కావాలి. రెండవదానికి ఎక్కడ, ఎవరి క్రింద, ఏ నెల నుండి ఏ నెల వరకు అన్న వివరం కావాలి. సిలికోసిస్ నీడను క్షయ అని వ్రాసిన చీటీ ఒక్కటే దొరికితే, ఆ చీటీయే కార్మికునికి ఎదురు సాక్ష్యం అవుతుంది.

దాచిపెట్టే కాగితాలు

కాగితాలు పోవడానికి వానా చెదలూ మాత్రమే కారణం కాదు. ఇంటిలో పెండ్లి సంబంధం కుదిరే సమయంలో క్షయ చీటీలను పొయ్యిలో వేసిన ఇళ్ళున్నాయి. చూడవచ్చినవారి కంట ఆసుపత్రి కార్డు పడితే సంబంధం తప్పిపోతుందన్న భయం ఊహామాత్రం కాదు. ఆ భయాన్ని ఉపన్యాసాలతో పోగొట్టలేము. కాగితాన్ని కాల్చకుండా దాచే మార్గం చూపవచ్చు. పైన పేరు లేని ఒక సాధారణ ఫైలు, పహణీలున్న అదే ఇనుప పెట్టెలో అడుగున ఉంటే ఎవరికీ కనబడదు. క్షయ మందు ఏ నెలలో మొదలై ఏ నెలలో ముగిసినదో, నిక్షయ్ సంఖ్య ఏదో ఒక మూలన వ్రాసి ఉంటే చాలు. పదేళ్ళ తరువాత జబ్బు తిరగబెడితే మొదటిసారి మందు పూర్తిగా వాడారా లేదా అన్నది, మొండి క్షయను వెదకడంలో తొలి ప్రశ్న.

ఇంత చదివిన వారికి ఇదంతా చదువుకొన్నవారి పని అనిపించవచ్చు. రెండు వందల పుటల నోటు పుస్తకం, ఒక బొత్తాము ఫైలు, ఫిల్ములకు పెద్ద కవరు ఉంటే సరిపోతుంది. పుస్తకం మొదటి పుటలో మనిషి పేరు, వయస్సు, పడని మందులు, చేసిన పనులు ఏళ్ళతో సహా, బీడీ లేదా పొయ్యి ఎన్నేళ్ళు అన్నది. రెండవ పుటలో ఇప్పుడు వాడుతున్న మందులు. వీటి పేర్లు వ్రాయడం కష్టమైతే, ఖాళీ అయిన మాత్రల పట్టీలో పేరున్న ముక్కను కత్తిరించి అంటిస్తే చాలు, వైద్యునికి అంతకంటె స్పష్టమైనది ఉండదు. పీల్చే మందుదైతే పెట్టె మీది పేరును అంటించాలి, ఎందుకంటే "నీలం గొట్టం" అన్న మాటతో ఏ మందో, ఎంత మోతాదో తేలదు. ఆ తరువాతి పుటలలో ఆయాసం ముదిరిన రోజులు మాత్రమే: తేదీ, కఫం రంగు, రాత్రి లేచి కూర్చున్నదీ లేనిదీ, ఏ సూది, ఎన్ని రోజుల బిళ్ళలు. బాగున్న రోజులకు వ్రాత అవసరం లేదు. కోవిడ్ కాలంలో కొన్న ఆక్సిజను కొలిచే వ్రేలి పరికరం ఇంటిలో ఉంటే, కూర్చొని ఐదు నిమిషాలు విశ్రాంతి తీసుకొన్న తరువాతి అంకెను వారానికొకమారు వ్రాయవచ్చు. బాగున్న రోజులలో సైతం అది 88 గాని, అంతకు తక్కువ గాని ఉంటున్నదంటే ఇంటివద్ద ఆక్సిజను అవసరమా అని వైద్యుని అడగవలసిన సమయం వచ్చినట్లు. అంకె ఒక్కసారిగా పడిపోతే పుస్తకం మూసి ఆసుపత్రికి పోవలసిందే. కవరులోని ఫిల్ముల మీద కలంతో వ్రాయరాదు, కవరు మీద తేదీలు వరుసగా వ్రాసుకోవాలి.

ఏ లిపిలో వ్రాయాలన్న ప్రశ్న ఈ తాలూకాలకు ప్రత్యేకం. తాత మాట తెలుగు, మనుమరాలి బడి కన్నడం, వైద్యుని చీటీ ఇంగ్లీషు. మనుమరాలు కన్నడంలో వ్రాసినది హిందూపురంలో చదవకపోవచ్చు, మదనపల్లెలో తెలుగులో ఇచ్చిన సూచనలు చిక్కబళ్ళాపురంలో అక్కరకు రాకపోవచ్చు. మందుల పేర్లు, తేదీలు, అంకెలు ఇంగ్లీషులో ఉంచి, బాధను ఇంటివారికి వచ్చిన లిపిలో వ్రాసుకొంటే ఇరువైపులా పని జరుగుతుంది. ఇంగ్లీషు అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా వ్రాయడం వైద్యులకు సైతం మేలే. 2016లో వైద్య మండలి వారికి చెప్పినదీ అదే. ఈ పని ఇంటి ఆడపిల్ల ఒక్కతె నెత్తిన పడకుండా కొడుకులు కూడా పాలుపంచుకొంటే మంచిది, ఆసుపత్రికి వెంట పోయేది తరచుగా వారే గనుక.

ప్రభుత్వాల వంతు

2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ప్రతి వ్యక్తికీ 14 అంకెల ఆభా సంఖ్య ఇస్తున్నది. సిద్ధాంతరీత్యా సరిహద్దు రోగికి కావలసినది ఇదే. ఆ సంఖ్య ఉన్నంత మాత్రాన రికార్డు అందులోకి రాదు. చూసిన ఆసుపత్రి తన కంప్యూటరును దానికి జోడించి చీటీని ఎక్కించాలి. చేతితో చీటీ వ్రాసే చిన్న క్లినిక్కులలో ఇది జరగడం లేదు, సరిహద్దు రోగి ఎక్కువగా పోయేది అక్కడికే. వరుసలో నిలబడకుండా చీటీ తీసుకోవడానికి మాత్రమే ఆభా పనికివస్తున్నదంటే అది ఉద్దేశించిన ప్రయోజనంలో కొసరు మాత్రమే.

బీమా పథకాల సంగతి కూడా తెలుసుకోవలసినదే. కర్ణాటకలో ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక క్రింద బి.పి.ఎల్. కుటుంబానికి ఏటా ఐదు లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స ఉన్నది. పెద్ద చికిత్సకు అత్యవసరం కానపుడు ప్రభుత్వ ఆసుపత్రి సిఫారసు పత్రం కావాలి. ఆంధ్రప్రదేశ్ వారి ఎన్.టి.ఆర్. వైద్య సేవ ఆ రాష్ట్ర కార్డు గల కుటుంబాలకే. కూతురింట ఉండి ఆయాసం ముదిరిన తండ్రి అక్కడి పథకంలో లేడు. ఈ పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరినపుడే పనిచేస్తాయి. చేరకుండా కాపాడే పీల్చే మందు, ఊదే పరీక్ష ఖర్చు రోగిదే. మంచం ఎక్కితే లక్షలు, మంచం ఎక్కకుండా ఉండే వందలకు ఏమీ లేదన్నది ఈ జబ్బు ఉన్న ప్రతి కుటుంబం అనుభవం.

చిక్కబళ్ళాపురంలో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ముద్దేనహళ్ళిలో 2023లో ఉచిత వైద్య కళాశాల ప్రారంభమయింది. బెంగళూరులో రాజీవ్ గాంధీ వక్షరోగ సంస్థ ఉండనే ఉన్నది. వైద్యుల కొరత కొంత తీరుతున్న ఈ సమయంలో, తాలూకా ఆసుపత్రులు ఆయాస రోగికి కన్నడ, తెలుగు, ఇంగ్లీషు మూడింటిలో అచ్చువేసిన ఒక చిన్న పుస్తకం ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. గర్భిణికి తాయి కార్డు ఇచ్చి, ప్రతి పరీక్షా అందులో వ్రాసి, ఏ ఆసుపత్రికి పోయినా అది చూపమని చెప్పి అలవాటు చేసినది ఈ ప్రభుత్వమే. ఆ కార్డు లేకుండా కాన్పుకు పోయే ఇల్లు నేడు అరుదు. చింతామణి, బాగేపల్లి తాలూకా ఆరోగ్యాధికారులు, గ్రామ పంచాయితీ సభ్యులు ఈ కోరికను జిల్లా పంచాయితీ ముందు ఉంచవలసి ఉన్నది. చలికాలం రాకముందే ఉంచితే ఈ ఏడే ప్రయోజనం ఉంటుంది.